ఏరేటర్ ఆయిల్

వేణుగోపాలరాజు మనవరాలికి చెమట పట్టదు. పుట్టుకతోనే ఒంట్లో చెమట గ్రంథులు లేవన్నారు డాక్టర్లు. కాసేపు ఎండలో ఉంటే చాలు, శ్రీసుధ ఒళ్లు పెనంలా కాలుతుంది. లోపలి వేడి బయటికి పోవడానికి దారి లేదు. అందుకే ఆ ఇంట్లో కారు ఏసీ సోకు కాదు. వేసవిలో పిల్లని గడప దాటించాలంటే అదొక్కటే ఆధారం.

మే నెల మొదట్లో ఆ ఏసీ చచ్చింది.

భీమవరం బైపాస్ పక్కన కారు ఏసీలు బాగుచేసే ఐజాక్ షెడ్డు. చేతి పని ఎంతో నోటి పనీ అంతే. పాత కంప్రెసర్ విప్పి, బల్ల మీద బోర్లించి, అందులోంచి కారిన ఆయిల్‌ని గీతలున్న కప్పులో పట్టాడు. కారింది ఎంతో అంతే కొత్త ఆయిల్ కొలిచి, కొత్త కంప్రెసర్ నోట్లో సన్నగా పోస్తూ, రెండో చేత్తో ఇరుసు తిప్పాడు.

"అంతేనా?" అన్నాడు రాజు.

"అంతేనండి."

"పసిపిల్లకి మందు పట్టినట్టు పట్టావు. అది ఉండేది ఇంజను పక్కనయ్యా, ఉయ్యాల్లో కాదు."

ఐజాక్ నవ్వాడు. "చేపల పులుసేంటండి, నూనె పైకి తేలేలా పొయ్యడానికి? ఇది గ్యాసుతో పాటు తిరగాలండి. ఎక్కువైతే లోపల పట్టేద్దండి. ఇంకోటి, దీనికి గాలి తగలకూడదు, తేమ లాగేసుకుద్ది. మన గాలి సంగతి తెలుసు కదండి, అప్పడం కూడా మెత్తబడిపోద్ది."

ఆ మాట అన్నవాడే, ఫోన్ మోగితే చెవిన పెట్టుకుని, కంప్రెసర్ నోటికి మూత బిగించకుండా రోడ్డు మీదికి వెళ్లిపోయాడు.

రాజు ఒక్కడే మిగిలాడు. బల్ల మీది కప్పు వంక చూశాడు. అలాంటి గీతల కప్పే ఒకప్పుడు తన ఇంట్లో ఉండేది. భార్య రత్నమాణిక్యానికి కిడ్నీలు పాడయ్యాక, రోజుకి ఇన్ని నీళ్లే తాగాలని ఆస్పత్రిలో ఇచ్చిన కప్పు. ఇంకొక్క గుక్క అని ఆమె అడిగితే గీత చూపించి కాదన్నాడు. ఎండిన పెదాలతోనే పోయింది ఆవిడ. ఆ డాక్టర్ని రాజు క్షమించలేదు. కొలతలు చెప్పేవాడిని ఎవడినీ ఆ తర్వాత నమ్మలేదు.

రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లకి గేరాయిల్ ఆయనే స్వయంగా పోసుకుంటాడు. పొర్లేదాకా పోస్తాడు. ఎక్కువైంది కారిపోతుంది, తక్కువైతే గేర్లు అరుగుతాయి. ఆయన ఎరిగిన యంత్రశాస్త్రం అంతే. చెరువు గట్టున దానితో ఎన్నడూ నష్టపోలేదు. ఆ డబ్బా ఎప్పుడూ కారు డిక్కీలో ఉంటుంది.

వెళ్లి తెచ్చాడు. కంప్రెసర్ నోట్లోకి తేనెలా చిక్కగా దిగింది. ఇరుసు తిప్పాడు. మళ్లీ పోశాడు. అంచు గుడ్డతో తుడిచి మూత బిగించాడు.

ఐజాక్ తిరిగొచ్చి మూత చూశాడు. "మీరు పెట్టారా? మంచి పని చేశారండి," అన్నాడు. కంప్రెసర్ బిగించి, గొట్టాల్లో గాలి లాగేసి, గ్యాస్ ఎక్కించాడు. చల్లగాలి ముఖాన కొట్టింది.

నాలుగైదు రోజులు అలాగే కొట్టింది. "ఈసారి దగ్గరుండి చేయించాను," అని కోడలు మంజుషతో చెప్పుకున్నాడు రాజు. ఉదయం ఏసీ వేసినప్పుడు బానెట్ కింద గొంతు సవరించుకున్నట్టు ఒక శబ్దం వచ్చేది. విన్నాడు. కొత్త సామాను సర్దుకుంటోంది అనుకున్నాడు.

కాకినాడలో పిల్లని చూసే డాక్టరమ్మ ఆ వారం రమ్మంది. కొడుకు సాయికిరణ్‌కి ఆ రోజే చెరువులో రొయ్యల పట్టుబడి. రాజే బండి తీశాడు. వెనక సీట్లో మంజుష, ఆమె ఒళ్లో తల పెట్టుకుని శ్రీసుధ.

పెనుగొండ దాటకముందే గాలిలో పదును తగ్గింది. రాజు మీట చివరిదాకా తిప్పాడు. గాలి పెరిగింది, చల్లదనం పెరగలేదు.

"మావయ్యగారూ, చల్లగా రావట్లేదండి."

"ఎండ ముదిరిందమ్మా. వస్తుంది."

"పెనుగొండలో మా పిన్నిగారింట్లో కాసేపు ఆగుదామా? ఏసీ గది ఉంది."

ఆగవచ్చు. ఆగితే బానెట్ ఎత్తాలి, ఎవడో మెకానిక్ వస్తాడు, ఏదో అడుగుతాడు. అవతల గోదావరి దాటితే రావులపాలెం, అక్కడినుంచి ఎంతసేపని.

"అక్కర్లేదు. ఆ ఐజాక్ గాడు గ్యాస్ సరిగ్గా ఎక్కించినట్టు లేదు. వెనక్కి వెళ్లాక చెప్తాను వాడి సంగతి."

అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు ఆయనకే వింతగా తోచింది.

పిన్నిగారింటికి తిరిగే గుడి వీధి మలుపు వెనకబడింది. బానెట్ కింద శబ్దం ఇప్పుడు ఆగడం లేదు. సున్నపురాళ్లు తిరగలిలో పోసినట్టుంది. శ్రీసుధ "తాతయ్యా, వేడి" అంది. తర్వాత ఏమీ అనలేదు. అద్దంలో చూశాడు. పిల్ల బుగ్గలు ఎర్రగా, పొడిగా ఉన్నాయి. మంజుష తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది.

సిద్ధాంతం వంతెన మీద లారీలు ఆగిపోయి ఉన్నాయి. ముందు కదలదు, వెనక్కి తిరగదు. కింద వశిష్ఠ ఇసుక తిన్నెలు తెల్లగా మండుతున్నాయి. ఏసీ ఆపేద్దామని రాజు చెయ్యి చాచాడు. అంతలో బానెట్ కింద కీచుమంది, మాడిన రబ్బరు వాసన కొట్టింది, ఏదో తెగి ఠప్పున తగిలింది. కంప్రెసర్ బిగుసుకుపోయి బెల్టు తెగింది. ఆ ఒక్క బెల్టే ఇంజన్ని చల్లబరిచే నీళ్లనూ తిప్పుతుంది. కాసేపటికి ఆవిరి లేచి బండి ఆగింది.

మంజుష తలుపు తీసి చూసింది. వంతెన మీద నీడ లేదు. ఉన్న నీళ్లన్నీ పిల్ల తల మీద గుమ్మరించింది. పిల్ల కళ్లు తేలేసింది, చేతులు కొట్టుకున్నాయి.

"సుధా. సుధమ్మా."

పిల్లని భుజాన వేసుకుని ఆగిన కార్ల మధ్య పరుగెత్తింది. ఒక్కొక్క అద్దమే తట్టింది. మూడోదో నాలుగోదో తెరుచుకుంది. రావులపాలెం ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే మెర్సీ అనే ఆవిడ కారు. వరస కదిలేదాకా పిల్లని ఏసీ గాలి కింద పడుకోబెట్టి, ఐస్ సీసా చంకల్లో పెట్టింది.

రాజు వెనకే వెళ్లి నిలబడ్డాడు. "నేనూ వస్తానమ్మా."

"చోటు లేదండి," అంది మంజుష. ముందు సీటు ఖాళీగా ఉంది. తలుపు వేసుకుంది.

పొద్దు వాలాక, సాయికిరణ్ పంపితే, ఐజాక్ లాగుడు బండి వేసుకుని వచ్చాడు. కారుని వంతెన చివరికి, ఒక దాబా పక్కకి లాగించి, కంప్రెసర్ గొట్టం విప్పాడు. చిక్కటి నల్లటి జిగురు బొట్లు బొట్లుగా దిగింది. వేలికి రాసుకుని వాసన చూశాడు. ఆ రోజు మాత్రం జోకులు వెయ్యలేదు.

"నేను పోసింది ఇది కాదండి, రాజుగారు."

రాజు గోదావరి వైపు చూస్తూ నిలబడ్డాడు. "నువ్వు మూత పెట్టకుండా వెళ్లావు," అన్నాడు.

"ఆయ్, వెళ్లానండి. అది నా తప్పే."

రాజు ఫోన్ మోగింది. సాయికిరణ్. చెరువు నుంచి ఆస్పత్రికి వచ్చేశాడు. పిల్లకి వేడి దిగిందట. ఫిట్స్ మళ్లీ రాలేదు. కళ్లు తెరిచింది కానీ వాళ్లమ్మని ఇంకా గుర్తుపట్టడం లేదు. రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారు.

"నేను వస్తున్నాను."

"మీరు ఉండండి నాన్నగారూ. ఐజాక్ పక్కనున్నాడా? ఫోన్ అతనికి ఇవ్వండి."

ఇవ్వకుండా ఉండడానికి రాజుకి ఏ కారణమూ దొరకలేదు. ఇచ్చాడు.

ఐజాక్ కొంచెం దూరం జరిగాడు. "చూశానండి... గేరాయిలేనండి, చెరువుల మీద వాడేది... చాలా ఉందండి... నేను కాదండి, ప్రభువు సాక్షి." ఆ తర్వాత చాలాసేపు ఊ కొట్టాడు.

ఫోన్ తిరిగి ఇచ్చేసరికి అవతల పెట్టేశారు.

"ఏమన్నాడు?"

ఐజాక్ ముఖం తిప్పుకున్నాడు. "బండి తాళాలు మీ దగ్గర తీసుకోమన్నారండి. ఇంట్లో ఉన్న రెండో తాళం కూడా ఎక్కడుందో అడగమన్నారు."

రాజు జేబులో చెయ్యి పెట్టాడు. తాళాలు ఇంకా వేడిగా ఉన్నాయి.