నాలుగో నో డ్యూ

లింగస్వామి సౌదీకి పోయే ముందు నన్ను సలహా అడగకుండా ఉంటే బాగుండేది. అడిగాడు. అడిగితే చెప్పకుండా ఉండడం నాకు చేతకాదు. మోత్కూరు బస్టాండు ముందు పద్దెనిమిదేళ్లుగా జిరాక్స్ దుకాణం నడుపుతున్నాను. పహాణీ నకలు నుంచి పింఛను దరఖాస్తు దాకా నా చేతిమీదుగా పోని కాగితం లేదు. ఏ కాగితం ఎక్కడివ్వాలో రఘుపతిని అడగండని మండలమంతా చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే, అది వేరే సంగతి.

లింగస్వామిది మా ఊరే, గొర్రెలు కాస్తాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. తెలంగాణ వచ్చిన రెండో ఏడు బ్యాంకులో అప్పు తీసుకుని నలభై గొర్రెలు కొన్నాడు. ఆ వానాకాలమే నీలినాలుక రోగం తగిలి సగానికి పైగా చచ్చిపోయాయి. మిగిలినవి ఇంటి ఖర్చులకూ దవాఖానకూ అమ్ముకుని, ఊరివాళ్ల గొర్రెలూ తనవి నాలుగు మేకలూ కాసుకుంటున్నాడు. అప్పు మాత్రం అట్లాగే ఉండిపోయింది. రైతుల అప్పులు మాఫీ అన్నప్పుడల్లా అందులో తనదీ పోయి ఉంటుందని అనుకునేవాడు. పోయి అడిగితే లేనిపోనిది వాళ్లకు గుర్తు చేసినట్టవుతుందని బ్యాంకు ఉన్న వీధిలోనే నడిచేవాడు కాదు. ఇన్నేళ్లకు సౌదీలో గొర్రెలు కాసే పని దొరికింది. వీసా వచ్చింది, గురువారం విమానం. సోమవారం పొద్దున నా దుకాణానికి వచ్చి, గిరాకీ తగ్గేదాకా బల్ల మీద కూర్చుని, అప్పుడు అడిగాడు.

"అన్నా, బ్యాంకు బాకీ ఉన్నోన్ని ఎయిర్‌పోర్టుల పట్టుకుంటరంట గద?"

"ఎవడు చెప్పిండురా?"

చెప్పనివాడు లేడు. అక్కడ బొటనవేలు పెట్టగానే అప్పులన్నీ కంప్యూటర్లో కనబడతాయని ఆర్ఎంపీ డాక్టరు చెప్పాడట. బొంబాయి నుంచి పోతే కనబడవని క్షౌరశాలలో ఎవరో అన్నారట. వీసా ఇప్పించిన ఏజెంటేమో అసలు ఈ ముచ్చటే ఎత్తొద్దని ఫోన్ పెట్టేశాడట. ఏది నిజమో నాకూ తెలియదు. తెలియదని అంటే సరిపోయేది. కానీ బల్ల మీద ఇంకో ఇద్దరు కూర్చుని నా నోటివైపే చూస్తున్నారు.

మా దగ్గర పంట అప్పు కావాలంటే మండలంలో ఉన్న మిగతా బ్యాంకులన్నీ తిరిగి, అక్కడ బాకీ లేదని స్టాంపు కొట్టించుకుని తేవాలి. ఆ కాగితాలను నో డ్యూలు అంటాం. రెండెకరాల వరికి అప్పివ్వడానికే ఇన్ని నో డ్యూలు అడుగుతారే, మనిషి దేశం దాటుతుంటే అడగరా? నాకిది ఎంత తేటగా కనబడిందంటే, ఇన్నాళ్లూ ఎవరికీ తట్టనందుకు ఆశ్చర్యపోయాను.

"నాలుగు బ్యాంకుల నో డ్యూలు పట్టుకపో. ఎవడన్న అడిగితే మొఖాన కొట్టు" అన్నాను.

దుకాణం మా ఆవిడ స్వరూపకు అప్పజెప్పి నేనే వెంట పోయాను. మూడు బ్యాంకుల్లో పని ఇట్టే అయింది. వాటిలో లింగస్వామికి ఖాతా కూడా లేదు, ఇక బాకీ ఎక్కడిది? ఒకచోట గుమాస్తా ఎందుకని అడిగితే "సౌదీకి" అన్నాను. ఆయన ఇద్దరినీ ఎగాదిగా చూసి స్టాంపు కొట్టాడు. చూశావా, కావాలి కాబట్టే కొట్టాడని లింగస్వామితో అన్నాను.

నాలుగోది అతడు అప్పు తీసుకున్న బ్యాంకు. మెట్ల దగ్గరికి రాగానే ఆగిపోయాడు.

"గిది వద్దన్నా. మూడు చాలు."

"మూడుండి నాలుగోది లేకపోతెనే అనుమానమొస్తదిరా. మాఫీ అయ్యే ఉంటది, నడువు."

చాయ్ తాగుదామన్నాడు. కడుపులో నొప్పి అన్నాడు. మేకలను ఎవరికీ చెప్పకుండా విడిచి వచ్చానన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇంత తిరిగాక చివరి కాగితం దగ్గర ఆగేవాళ్లంటే నాకు మంట. రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయాను.

ఫీల్డాఫీసర్ మెర్సీ మేడం నల్లగొండ నుంచి కొత్తగా వచ్చినావిడ. పేరు చెప్పగానే కంప్యూటర్లో చూసింది, తర్వాత లేచి బీరువాలోంచి ఒక పాత ఫైలు తెచ్చింది.

"మాఫీ పంట అప్పులకయ్యా. నీది గొర్ల అప్పు. వడ్డీతోటి మూడు లక్షలకు దగ్గరుంది. మావోళ్లు మూడుసార్లు మీ ఊరికొచ్చి, ఇంటికి తాళమేసి ఉందని రాసిన్రు. యాడికి పోయినవ్?"

"గొర్లెంబడి సాగర్ దిక్కు పోయిన మేడం" అన్నాడు లింగస్వామి, నేల చూస్తూ.

వాడి తరఫున నేనే అడిగాను. "మేడం, ఇప్పుడు సౌదీకి పోతాండు. ఎయిర్‌పోర్టుల ఆపుతరా?"

ఆమెకు నవ్వొచ్చింది. "గీ అప్పుకు ఎవ్వలాపుతరు? పొమ్మను. మేమేమన్న సౌదీకి పోతమా? ఇక్కడ జమానతు ఉన్నాయన ఉన్నడు గద. ఈయన కట్టకపోతే ఆయనకు నోటీసు పోతది."

అప్పుకు హామీగా నిలబడ్డ ఆ జమానతు ఎవరో గానీ పాపం అనిపించింది. చదవకుండా సంతకం పెట్టే తెలివితక్కువ వాళ్లు ఇంకా ఉన్నారని కూడా అనుకున్నాను. "ఎవరు మేడం?" అన్నాను. ఆమె ఫైలు నావైపు తిప్పింది.

కింద నా సంతకం. పక్కనే జిరాక్స్ దుకాణం రబ్బరు స్టాంపు కూడా ఉంది.

దుకాణానికి వచ్చి సాక్షి సంతకం పెట్టమనేవాళ్లు రోజుకు పదిమంది ఉంటారు. మిషను నడుస్తుండగానే పెట్టేస్తాను. ఆ కాగితాల్లో ఒకరోజు ఈ జమానతు కాగితం కూడా వచ్చి పోయి ఉంటుంది.

బయటికి వచ్చి ఎండలో నిలబడ్డాం.

"నీకు యాదికుందారా?"

"ఉందన్నా. అందుకే వద్దన్న. నీకు తెల్వకముందే అక్కడికెల్లి పైసలు పంపి కడ్దామనుకున్న."

అది నిజమో, అప్పటికప్పుడు నోటికొచ్చిన మాటో నాకు అర్థం కాలేదు. కాగితం ముందు పెడితే దొంగదో అసలుదో చెప్పగలను. చిన్నప్పటి నుంచి తెలిసిన ఆ ముఖంలో మాత్రం ఏమీ చదవలేకపోయాను. లింగస్వామి అంగీ లోపలినుంచి పాస్‌పోర్టు తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు పొమ్మంటె పోత. వద్దంటె ఉంట" అని, మేకల దగ్గరికి వెళ్లిపోయాడు.

రెండు రోజులు దాన్ని గల్లాపెట్టెలో పెట్టుకుని కూర్చున్నాను. ఉండమంటే ఉంటాడు. ఉండి నాలుగు మేకలతో మూడు లక్షలు ఎప్పటికి కడతాడు? నోటీసు ఎట్లాగూ నాకే వస్తుంది. పోతే పంపుతాడేమో. పంపకపోతే నా మిషను అమ్ముకోవాలి. స్వరూప పొద్దున "ఇయ్యకు" అంది, పొద్దు గూకేసరికి "ఇచ్చెయ్, వాని ఉసురు మనకెందుకు" అంది. ఒకరికి రెవెన్యూ కాగితం బదులు ఆధార్ జిరాక్స్ తీసి ఇచ్చి తిట్లు తిన్నాను. బుధవారం పొద్దున లేచి, ఆలోచించడం చేతగాక, పోయి వాడి చేతిలో పెట్టేశాను. మంచితనం అనుకునేరు. అలసట అంతే.

గురువారం మధ్యాహ్నం కిరాయి కారులో శంషాబాదుకు నేనూ పోయాను. లింగస్వామి భార్య బిక్షమ్మ కూడా వచ్చింది. గేటు దగ్గర టికెట్టు చూపించి అతడు లోపలికి పోయాడు. అద్దంలోంచి వరుసలో అతడి ఎర్ర సంచి కాసేపు కనబడింది, తర్వాత కనబడలేదు.

అప్పుడు నా మనసులో పుట్టిన కోరిక చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. వీణ్ని ఆపితే బాగుండు అనుకున్నాను. మేడం చెప్పింది తప్పై, ఆర్ఎంపీ డాక్టరు చెప్పిందే నిజమై, కంప్యూటర్లో అన్నీ కనబడి, మెడపట్టి బయటికి పంపితే బాగుండు. గంటన్నర సేపు ఆ తలుపునే చూస్తూ నిలబడ్డాను. ఫోన్ మోగింది.

"అన్నా! ఎవ్వలేమడగలే! విమానం కాడికొచ్చిన!" చిన్నపిల్లాడిలా అరుస్తున్నాడు.

"మంచిది" అని ఫోన్ పెట్టేశాను.

బిక్షమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. నేను ఆమె భర్తకు అన్న వరుస కాబట్టి నన్ను బావా అంటుంది.

"ఆపిండ్రా బావా?"

ఆ గొంతులో భయం ఉంటుందనుకున్నాను. భయం లేదు. ఆపారని చెబితే అక్కడే దండం పెట్టేలా ఉంది.

"ఆపలే" అన్నాను.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆపాలని ఆమె కోరుకున్నది మొగుడి కోసం. నేను కోరుకున్నది నా జిరాక్స్ మిషను కోసం. కారు ఎక్కడుందో చూసి వస్తానని అక్కణ్నుంచి తప్పుకున్నాను.