బరువు మీదే బిగించాలి

"లైటు నా చేతి మీద కాదే, బోల్టు మీద వెయ్యి!"

ఇరవై రెండేళ్ల కాపురంలో ఫెర్నాన్ నాతో ఎక్కువసార్లు అన్న మాట ఇదే. అతను కారు కింద పడుకుని పని చేస్తుంటే నేను మంచులో మోకాళ్ల మీద కూర్చుని లైటు పట్టుకునేదాన్ని. అప్పటికే ఆసుపత్రి వంటగదిలో మూడొందల పళ్లేలు సర్ది, ఇంటికొచ్చి వండి, గిన్నెలు తోమి ఉండేదాన్ని. అయినా అతను చేసేది పని, నేను చేసేది సాయం. వెలుతురు కాస్త పక్కకి జరిగితే, "గిలేన్, నీ బుర్ర ఎక్కడుంది?" అనేవాడు. నా బుర్ర అక్కడే ఉండేది. లైటు పట్టుకున్న మనిషికి అన్నీ కనిపిస్తాయన్న సంగతి అతనికి ఎన్నడూ తట్టలేదు.

ఈ అక్టోబరులో నా కారు గుంటలో పడ్డప్పుడల్లా వెనక చక్రం దగ్గర ఠక్కుమనడం మొదలైంది. చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌లో రబ్బరు బుష్ చిరిగింది. ఆర్మ్ మార్చాలంటే దాన్ని బిగించిన బోల్టు రావాలి. కెనడాలో మా ఊరు టిమ్మిన్స్‌లో మంచు కరగడానికి ఏడాదికి ఆరు నెలలు రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పద్నాలుగేళ్లు ఉప్పు తిన్న బోల్టు పిలిస్తే వస్తుందా? షెడ్డువాడు చూసి పెదవి విరిచాడు. ఫెర్నాన్‌కి అంతే కావాలి. "తుక్కుకి ఇచ్చేద్దాం. ఇంటికి ఒక్క బండి చాలదూ? నిన్ను నేను దింపుతాగా!" దింపుతాడు, తెలుసు. నా డ్యూటీ మూడింటికి అయిపోతే, స్నేహితులతో కాఫీలు ముగించుకుని ఐదింటికి వస్తాడు. నా ఇంటికి నేను పోవడానికి అతనికి థాంక్స్ చెప్పుకోవాలి. శనివారం పన్నెండింటికి తుక్కు బండిని రమ్మని చెప్పి, అన్నదమ్ములతో మూస్ దుప్పుల వేటకి అడవికి పోయాడు. కారు నా పేరు మీద ఉంది. నన్ను ఒక్క మాట అడగలేదు.

శనివారం ఏడింటికల్లా కారెత్తి, స్టాండ్లు పెట్టి, చక్రం ఊడదీశాను. లైటు నా నుదుటికే కట్టుకున్నాను. మా అత్తగారు ఉగెట్ కాఫీ కప్పుతో వాకిట్లోకి వచ్చింది.

"ఏమిటే ఈ వేషం? ఆడదానివి, కారు మీద పడి చస్తే వాడికి దిక్కెవరు?"

"ఆకలేస్తే మీరున్నారుగా అత్తయ్యా."

నట్టు వచ్చింది. బోల్టు రాలేదు. పానా వేసి తిప్పితే గిరగిరా తిరుగుతోంది, బయటికి మాత్రం అంగుళం కదలదు. బుష్ లోపలి ఇనుప గొట్టంతో తుప్పు పట్టి ఒక్కటైపోయింది. తుప్పు నూనె పోశాను. సుత్తితో కొట్టాను. సరిగ్గా ఇక్కడే ఫెర్నాన్ పానా విసిరేసి, చర్చిలో ఉన్న గిన్నెల్నీ పెట్టెల్నీ పేరుపేరునా తిట్టేవాడు; మా వైపు బూతులన్నీ ఆ పేర్లే. నేనూ తిట్టాను. అత్తయ్య శిలువ గుర్తు వేసుకుంది. కానీ నేను పానా విసరలేదు. బుష్‌కీ దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్‌కీ మధ్య సన్నటి సందులోకి రంపం దూర్చి బోల్టునే కోయడం మొదలుపెట్టాను. అటొకసారి, ఇటొకసారి. మూడు బ్లేడ్లు అరిగాయి. పదకొండింటికి ఆర్మ్ ఊడి నా పక్కన పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు అక్కర్లేదు.

నేను ముందే కొని దాచిన కొత్త ఆర్మ్ పెట్టి, కొత్త బోల్టుకి గ్రీజు పూసి దూర్చాను. అక్కలారా, ఒక్కటి వినండి. చక్రం గాల్లో వేలాడుతుండగా ఆ బోల్టుని గట్టిగా బిగించకూడదు. అలా బిగిస్తే, కారు కిందికి దించగానే రబ్బరు మెలిపడుతుంది, ఆ మెలికతోనే రోజులు లాగి రెండు చలికాలాల్లో చిరుగుతుంది. ఫెర్నాన్ ప్రతిసారీ గాల్లోనే బిగించేవాడు. పుస్తకంలో చదివి ఒకసారి చెప్పాను. "నువ్వు లైటు చూసుకో" అన్నాడు. మెలిపడి బతకడం అంటే ఏమిటో నాకెవరూ చెప్పక్కర్లేదు. చక్రం ఎక్కించి, చక్రాల కింద దుంగ పలకలు పెట్టి, వాటి మీద కారు బరువంతా నిలబెట్టి, కిందికి దూరి బిగించాను.

తుక్కు బండి వచ్చింది. డ్రైవరు డెనీ దిగాడు.

"ఏమ్మా, ఫెర్నాన్ ఫోన్ చేశాడు, బండి తీసుకుపొమ్మని."

"ఫెర్నాన్ బండి అడవిలో ఉంది. అక్కడికెళ్లి తెచ్చుకో. ఇది నాది."

అతను నవ్వి, నేల మీది కోసిన బోల్టు ముక్కని ఎత్తి చూశాడు. "ఇలాంటివాటికి మా దగ్గర గ్యాసు మంట పెడతాం. ఎవరు తీశారమ్మా?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అంది, "ఇంకెవరు? మా వాడే. వేటకి పోయేముందు తీసిపెట్టాడు."

ఆవిడ ముఖంలో బెరుకైనా లేదు. దగ్గొచ్చినట్టు వచ్చేసింది అబద్ధం. ఇలాంటివి నేనూ చాలా చెప్పాను. అన్నీ నేను చేసినవే, అయినా మెట్లకి పట్టుకునే కర్ర కట్టింది ఫెర్నాన్ అనీ, పైకప్పు కారకుండా చేసింది ఫెర్నాన్ అనీ. మొగుడి పరువు నిలబెట్టడం కూడా నా ఇంటిపనే అనుకున్నాను.

"అత్తయ్యా, నేను తీశాను. మీరు చూశారు."

గొంతు పెంచలేదు. ఆవిడ కప్పులోకి చూసింది, నా నల్లటి చేతుల్ని చూసింది. చివరికి, "అవునయ్యా, ఇదే తీసింది. పొద్దుటినుంచీ పట్టు వదల్లేదు. దీని నోటికి మాత్రం గడియ లేదు" అంది.

డెనీ ఖాళీ బండితో వెళ్లిపోయాడు. నేను చేతులు తుడుచుకుని కారెక్కి స్టార్ట్ చేశాను. అత్తయ్య కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"ఎక్కడికే? ఎప్పుడొస్తావు? మధ్యాహ్నం తిండి ఎవరు పెడతారు?"

"తెలీదు అత్తయ్యా" అన్నాను, మూడింటికీ కలిపి.