చేదుసంచి

"తమ్ముడికి ఎడమ లేదండీ, చాలినంత" అని నర్సు అద్దాల తలుపు సందులోంచి చెప్పింది. ఒక చెవి ఎప్పుడో రాజీనామా చేసిన మేనత్త రెండో చెవిని అటు పెట్టి, "ఇవ్వడం లేదు" అని విని, వరండాలో ఉన్న చుట్టాలందరికీ పంచిపెట్టింది.

అన్నదమ్ములది మాంసం కొట్టు. అన్న కోస్తాడు, తమ్ముడు తూస్తాడు. చేదుసంచి పగలకుండా కార్జాన్ని విడదీయడంలో అన్నది అందెవేసిన చెయ్యి. అది పగిలిందా, పక్కనున్నదంతా చేదెక్కిపోతుందని తమ్ముడికి నేర్పిందీ ఆయనే. ఊరందరికీ కార్జం అమ్మిన మనిషికి తన కార్జమే రాయైపోయింది, కాలేయం మార్చాలన్నారు. తనది కోసి ఇమ్మని తమ్ముడు తనంతట తానే వచ్చి మంచమెక్కి పరీక్షలు చేయించుకున్నాడు.

"కాలేయం అడిగితే కాలయాపన చేసి, ఆఖరికి లివరుకి లీవు పెట్టాడు" అన్నాడు అన్న బావమరిది. ఎవరూ నవ్వలేదు.

ఆ సమయానికి తమ్ముడు సర్జన్ గదిలో బతిమాలుతున్నాడు. కాలేయానికి కుడి భాగం పెద్దది, అది అన్నకి పోతుంది. మళ్లీ పెరిగేదాకా తమ్ముడు మిగిలిన ఎడమ భాగంతో నెట్టుకురావాలి. అతనిదేమో నాలుకంత పల్చగా ఉంది.

"చాలకపోతే నేను చూసుకుంటాను, కోసెయ్యండి" అన్నాడు తమ్ముడు.

"చాలకపోతే చూసుకోడానికి మీరుండరు" అన్నాడు సర్జన్.

ఆ మాటే అన్నకి చెబుదామని తమ్ముడు వార్డుకి వెళ్లి గుమ్మంలో ఆగిపోయాడు. నిన్నటిదాకా తల ఎత్తని అన్న, మేనత్త మోసుకొచ్చిన కబురు విని లేచి కూర్చున్నాడు. పసుపు కళ్లు ఉరిమి తమ్ముణ్ణి తిడుతూ, మధ్యలో జావ తాగుతున్నాడు. వాడి కళ్లముందే బతికి చూపిస్తానంటున్నాడు. నిజం చెబితే ఆ గ్లాసు కింద పెట్టేస్తాడు. ఇంకెవరి కాలేయమైనా దొరికేదాకా నోరు విప్పొద్దని సర్జన్‌నీ నర్సునీ వేడుకున్నాడు తమ్ముడు.

ఎడమ చాలక అన్నదమ్ముల మధ్య ఎడం పెరిగింది. వదినదీ ఎడమొహమే. కాలేయం దొరకలేదు. కోపం అయిపోయింది, దాంతోపాటే మనిషీ అయిపోయాడు.

శవాన్ని బండిలోకి ఎక్కించే వేళ తమ్ముడు స్ట్రెచర్ పట్టుకోబోతే వదిన అడ్డం నిలబడింది.

"నువ్వు ముట్టుకోకు. ఆయన వద్దన్నారు."

తమ్ముడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మెట్ల మీదున్న సర్జనే ఉండబట్టలేక దిగొచ్చాడు.

"ఇవ్వనన్నది ఈయన కాదమ్మా, కొయ్యనన్నది నేను" అని, కుడి అరచెయ్యి మొత్తం చాచి, పక్కన ఎడమ చిటికెనవేలు పెట్టి చూపించాడు. "ఇది తీసేస్తే ఈయనకి మిగిలేది ఇంతే. చచ్చినా ఫర్వాలేదు కొయ్యమన్నారు."

వదిన పక్కకి జరిగింది. బావమరిది తల దించుకున్నాడు. ఏమంటున్నారని అందర్నీ అడుగుతున్న మేనత్త దగ్గరికి నర్సు వెళ్లి, బాగున్న చెవిలో ఆనాటి మాటే మెల్లగా చెప్పింది.

"ఎడమ లేదండీ, చాలినంత."

ఈసారి మొత్తం వినిపించింది.