చేదే చెయ్యి

శ్లాబు సగం పడినాక కరెంటు పోయింది.

నడివేసవి కత్తిరి ఎండలు మండిపోతున్నాయి. తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు పోయే రోడ్డు పక్కన కొత్త ఫైర్ స్టేషను లేస్తోంది. రెండు ఫైరింజన్లు పక్కపక్కన నిలిచేంత షెడ్డుకు ఆ రోజు కప్పు పోస్తున్నారు. పొద్దున్నుంచీ కాలనీ ఆడవాళ్ళు కాంక్రీటు చట్టీలు నెత్తిన పెట్టుకుని, వాలు చెక్కల మీద ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. మగవాళ్ళకు కూలి పన్నెండు రూపాయలు, ఆడవాళ్ళకు ఆరు. శ్లాబు రోజున సాయంత్రం మాంసం కూడు పెట్టడం వాడుక కాబట్టి ఆ తేడా గురించి ఎవరూ నోరెత్తరు.

డీజిలు పోసిన మిక్సరు తిరుగుతూనే ఉంది. ఆగిపోయినవి నీళ్ళు. బావి దగ్గర మోటారు మూగబోయింది, తొట్టిలో అడుగు కనిపిస్తోంది. శ్లాబు మొదలుపెట్టినాక మధ్యలో ఆపకూడదు. పోసింది ఎండకు గట్టిపడితే తర్వాత పోసింది దానికి అతకదు, ఆ అతుకులోంచి వాన దిగుతుంది. ఇంజనీరు రామానుజం ఇప్పటికి రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

ఇంజనీరుకంటే ఎక్కువ కంగారు దేవరాజులుది. స్టేషనుకు స్థలం దానమిచ్చింది ఆయనే. బామ్మర్ది పేరుతో కాంట్రాక్టు పట్టిందీ ఆయనే. 'దాత' అని తన పేరు చెక్కించిన నల్లరాయి అప్పుడే ఇంటికి వచ్చేసింది కూడా. బావి ఆయనదే, పక్కనున్న మామిడి తోటలో. తోటకు ఆవలి కంచె దాటితే హరిజన కాలనీ.

ఆ కాలనీ రెండేళ్ళ కిందట ఇలాంటి ఎండల్లోనే కాలిపోయింది. ఫైరింజను వేరే టౌను నుంచి రావాలి. ఆడవాళ్ళు కుండలు తీసుకుని ఈ బావికి పరుగెత్తారు. దేవరాజులు తోట గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"మీరు ముట్టొద్దు. మా చేదే మనిషి వస్తాడు, చేది పోస్తాడు. కాచుకోండి" అని గేటుకు తాళం వేశాడు.

కాలనీవాళ్ళు బావి గట్టు ఎక్కకూడదు. కింద నిలబడి కుండ పట్టుకుంటే దేవరాజులు ఇంటి మనిషి ఎవరో చేది, పైనుంచి పోయాలి. ఆ చేదే మనిషి ఆ రోజు సంతకు పోయి ఉన్నాడు. వీళ్ళు గేటు బయట కుండలు పట్టుకుని నిలబడ్డారు. అలా నిలబడ్డవాళ్ళలో మునెమ్మ ఒకతె. ఆమె మొగుడు ఏకాంబరం మేస్త్రి, గోడకు కట్టిన సారవ మీదనుంచి పడి నడుం విరిగినవాడు, గుడిసెలో మంచం మీద ఉన్నాడు. చేతిలో కుండ ఉంది, బావినిండా నీళ్ళున్నాయి, మధ్యలో చేదే చెయ్యి లేక మనిషి కాలిపోయాడు. ఆ రోజు తను ఏడ్చిందో లేదో మునెమ్మకు గుర్తులేదు. తాళం వేసిన చెయ్యీ, దాని వేలికున్న పచ్చరాయి ఉంగరమూ గుర్తున్నాయి.

కాలనీ తగలబడిందనే సర్కారు ఈ ఊరికి ఫైర్ స్టేషను ఇచ్చింది. నిప్పంటుకున్న నాడు చేదెడు నీళ్ళు పోయనివాడు నిప్పార్పే బంగళాకు దాత అయ్యాడు. ఇంతకంటే సిగ్గుమాలిన పుణ్యం ఎక్కడైనా ఉంటుందా? మునెమ్మ మాత్రం పునాది తవ్విన దినం నుంచి ఒక్క రోజూ పని మానలేదు. ఎందుకు పోతావే ఆ పాపిష్టివాడి పనికి అని తోటివాళ్ళు అడిగితే, వాడి మొగం చూడ్డానికి అనేది.

"ఏమే మునెమ్మా, నిలబడుకోని ఏం చూస్తా ఉండారు?" దేవరాజులు అరిచాడు. "కుండలెత్తుకోని బావికి పోండి. చేదుకోని రాండి, సీక్రం."

"బావిని మేము ముట్టొచ్చునా అయ్యా?"

"నేనే చెప్తా ఉండాను గదా. ఈ దినానికి ముట్టండి."

"ఈ దినానికి" అంది మునెమ్మ, తనలో తాను అనుకున్నట్టు.

చట్టీలు దించి కుండలు అందుకుని ఆడవాళ్ళంతా తోటలోకి నడిచారు. బావి గట్టు కింద వరసగా నిలబడ్డారు. ఒక్కరూ గట్టు మీద కాలు పెట్టలేదు. వెనకనే వచ్చిన దేవరాజులుకు ఏమీ అర్థం కాలేదు.

"చేదండే. ఇంకా ఏమి?"

"మేము ముట్టము అయ్యా" అంది మునెమ్మ నిదానంగా. "చేదే మనిషి వస్తాడు, కాచుకోండి అని మీరే గదా చెప్పినారు. కాచుకోనుండాము."

ఆయనకు అప్పుడు అర్థమైంది. మెడ దాకా ఎర్రబడ్డాడు.

"కూలి కోసేస్తాను. రేపటి నుంచి ఒక్కదాన్ని కూడా ఈ పక్కకు రానీను."

"కొయ్యండి అయ్యా."

మేస్త్రి నాగలింగం శ్లాబు దిగి ఉరుకుతూ వచ్చాడు. సంగతి విన్నాడు. "నేను చేదతాను, ఇట్లా తా" అని తాడు పట్టుకున్నాడు.

"నీవొద్దు నాగలింగమన్నా" అంది మునెమ్మ. "ఆ దినం తాళం ఏసిన చెయ్యి నీది కాదు."

నాగలింగం ఏకాంబరంతో పదేళ్ళు ఒకే సారవ మీద పనిచేసినవాడు. తాడు వదిలేసి గట్టు దిగాడు. శ్లాబు మీద మిగతా మేస్త్రీలు తాపీలు కింద పెట్టి ఇటు చూస్తున్నారు. అక్కణ్ణుంచే ఇంజనీరు గొంతు వినిపించింది.

"ఇంకో అర్ధగంట దాటితే ఈ అతుకును నేను ఒప్పుకోను సార్. అంతా పగలగొట్టి మళ్ళీ పోయాల్సిందే."

చేదే మనిషిని ఊళ్ళోంచి పిలిపించే వ్యవధి లేదు. దేవరాజులు కండువా నడుముకు బిగించాడు. గట్టెక్కి బొక్కెన దించాడు. పుట్టి బుద్ధెరిగి ఆయన చేదింది లేదు. సగం దాకా వచ్చిన బొక్కెన చేతుల్లోంచి జారి దబ్బున నీళ్ళలో పడింది. మళ్ళీ లాగాడు. పచ్చరాయి ఉంగరం తాడుకు పట్టుకుంటే పంటితో ఊడబీక్కుని జేబులో వేసుకున్నాడు. ఆడవాళ్ళు ఎవరూ నవ్వలేదు. బొక్కెన పైకొచ్చింది. మునెమ్మ కుండ చాపింది, ఆయన వంగి పోశాడు.

ఆమె కుండ చంకనెత్తుకుని మిక్సరు వైపు తిరగలేదు. కంచె సందులోంచి దాటి, మొండి గోడ ఒకటి నల్లగా మిగిలిన చోటికి పోయింది. నీళ్ళన్నీ అక్కడ, మంచం ఉండిన నేల మీద, మెల్లగా పోసింది. తిరిగొచ్చి ఖాళీ కుండ చూపింది.

"అది ఆ దినం నీళ్ళయ్యా. ఈ దినం నీళ్ళు తర్వాత అడుగుతాము."

ఆమె పక్కకు జరిగింది. వెనకున్న మునిలక్ష్మి ముందుకొచ్చి తన కుండ పట్టింది. ఆమె ఇల్లూ ఆ రోజే కాలింది. ఆ వెనక ధనమ్మ, ఆమె వెనక ఇంకా కుండలు, కాలిన ఇంటికొకటి.

దేవరాజులు ఆ వరస చివర ఎక్కడుందో చూశాడు. తర్వాత తాడు ఒరుసుకుని తోలు ఊడిన తన అరచేతులు చూసుకున్నాడు. శ్లాబు మీద ఇంజనీరు మళ్ళీ ఏదో అరుస్తున్నాడు.

"కాచుకోనుండాము అయ్యా" అంది మునిలక్ష్మి.