అక్కయ్య కచేరీకి రికార్డరు

టేపు మావయ్య వృత్తి కళ్ళజోళ్ళు అమ్మడం. టేపు ఆయనకి పట్టిన పిచ్చి. ముప్పయ్యేళ్ళుగా వాళ్ళక్కయ్య ఎక్కడ పాడితే అక్కడ, ముందు వరసలో ఓ మూల కుర్చీ లాక్కుని, ఒళ్ళో రికార్డరు పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని తల వంచుకు కూర్చునేవాడు. దగ్గొస్తే మింగేసేవాడు. పక్కవాడికి దగ్గొస్తే, ఈయన చూసే చూపుకి వాడూ మింగేసేవాడు. ఇంట్లో బట్టల బీరువాలో బట్టలకి మిగిలింది ఒక్క అర. తక్కిన అరలన్నీ క్యాసెట్లే.

అలాంటి మనిషి టేపు రికార్డరు సరిగ్గా ఇప్పుడే ప్రాణం వదిలింది. బాగుచేసే అతను మూత తీసి చూసి, "దీన్ని చేసిన కంపెనీయే లేదండీ ఇప్పుడు" అని మూత పెట్టేశాడు. ఇంకెప్పుడైనా అయితే మావయ్య ఓ నెల్లాళ్ళు ప్రపంచం మీద అలిగి కూర్చునేవాడే. ఇప్పుడు అలకకి వ్యవధి లేదు. అక్కయ్య గొంతులో చిన్న కాయ ఉందన్నారు. వచ్చే బుధవారం ఆపరేషను. "మాట తప్పకుండా వస్తుంది. పాటకి మాత్రం నేను హామీ ఇవ్వలేను" అని డాక్టరు ముందే చెప్పేశాడు. ఆదివారం సాయంత్రం కచేరీ ఉంది. అదే ఆఖరిది కావచ్చు. కాకపోనూవచ్చు, కానీ ఆ రెండో మాట అనడానికి ఇంట్లో ఎవరికీ నోరు రావడం లేదు.

అందుకని మంగళవారం పొద్దున్నే మేనకోడల్ని వెంటబెట్టుకుని కొత్త రికార్డరు కొనడానికి బయల్దేరాడు. మేనకోడలంటే అక్కయ్య కూతురే. బళ్ళో లెక్కలు చెబుతుంది. మావయ్యకి భయపడని మనిషి ఆ ఇంట్లో తనొక్కతే.

షాపావిడ గాజు బల్ల మీద మూడు రికార్డర్లు వరసగా పెట్టింది. మూడూ కలిపినా మావయ్య పాత డబ్బాలో సగం లేవు.

"ఇది తీసుకోండి సార్, మీరేం చెయ్యక్కర్లేదు. శబ్దం పెద్దదైతే అదే తగ్గించుకుంటుంది, చిన్నదైతే అదే పెంచుకుంటుంది" అంది మొదటిదాన్ని చూపించి.

మావయ్య దాంట్లో గుసగుసగా ఒక మాట చెప్పి, కాసేపాగి, ఒక్కసారి చప్పట్లు చరిచాడు. తర్వాత విన్నాడు. గుసగుసా చప్పట్లూ ఒకే ఎత్తులో వినిపించాయి. మధ్యలో ఎవరూ మాట్లాడనప్పుడు షాపులో ఫ్యాను హోరున లేచింది.

"పిల్లినీ పులినీ ఒకే సైజులో చూపిస్తోందమ్మా నీ మిషను. మా అక్కయ్య పాటంతా ఆ తేడాలోనే ఉంది" అని పక్కకి తోసేశాడు.

రెండోది చూడగానే ఆయన మొహం వికసించింది. దానికి శబ్దం ఎంత తీసుకోవాలో చేత్తో తిప్పి పెట్టుకునే గుండ్రటి మర ఉంది. తెర మీద అచ్చం పాత టేపులో లాగే, శబ్దం పెరిగితే ఎర్రగీత వైపు ఎగిసే ముల్లు బొమ్మ కదులుతోంది. మర అటూ ఇటూ తిప్పుతూ ఆయన ఎంతసేపు నిలబడ్డాడంటే, మేనకోడలు మూడోదాని కాగితాలన్నీ చదివేసింది.

"మావయ్యా, ఇది చూడు. ఇది ఒకే పాటని రెండుసార్లు రాసుకుంటుందట. ఒకటి మామూలుగా, రెండోది బాగా తక్కువ స్థాయిలో. మొదటిది చెడిపోయినా రెండోది భద్రంగా ఉంటుంది."

"దానికి మర ఏదీ?"

"మర లేదు. అవసరం కూడా లేదు."

"మరి నేనెందుకు? కుర్చీకి అలంకారంగానా? అది చేతకానివాళ్ళకి చేసిన మిషనే. ముప్పయ్యేళ్ళలో నా చేతిలో ఒక్క పాటైనా చెడిందా?"

రెండోదే కొన్నాడు. వారంలోపు పెట్టె పాడవకుండా తెస్తే మార్చుకోవచ్చని షాపావిడ అంటే, ఆ అవసరం రాదని నవ్వాడు.

శుక్రవారం అక్కయ్య ముందు గదిలో కూర్చుని, "ఒక్క పాట పూర్తి గొంతుతో పాడతాను. ఆ తర్వాత ఆదివారం దాకా నోరు మెదపను. ఏం పరీక్ష చేసుకుంటావో ఇప్పుడే చేసుకో" అంది. మావయ్య సరంజామా సర్దుకున్నాడు. అక్కయ్య పాట మాట్లాడినట్టే మొదలవుతుంది. కింద, తాపీగా, పక్కింటావిడతో కబుర్లు చెప్పినట్టు. ఉన్నట్టుండి ఒక్క ఉదుటున పైకెళ్ళిపోతుంది. ఆ పైకెళ్ళే చోట ముల్లు కాస్త ఎర్రగీత దాటితేనే పాటకి నిండుతనం వస్తుందని మావయ్య సిద్ధాంతం. టేపుది అమ్మ మనసు. కాస్త హద్దు మీరినా కడుపులో పెట్టుకునేది. ఆ అలవాటుతోనే ఇప్పుడూ ముల్లుని ఎరుపులోకి వదిలాడు.

పాట అయ్యాక హెడ్‌ఫోన్లు మొదట అక్కయ్యకి ఇవ్వడం ఆనవాయితీ. ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ, పైకెళ్ళే చోటు రాగానే కళ్ళు తెరిచింది. వెనక్కి తిప్పించి మళ్ళీ వింది. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, చేత్తో గొంతు తడుముకుంది.

"పోయిందిరా" అంది.

"ఏం పోయిందక్కా?"

"గొంతు. పైన చిరిగిపోతోంది. పాడుతున్నప్పుడు నాకు తెలియనే లేదు చూడు. హాలువాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్పేయండి."

మావయ్య హెడ్‌ఫోన్లు లాక్కుని విన్నాడు. పైకెళ్ళే ప్రతి చోటా పాత గుడ్డ పర్రున చించినట్టు చిరిగి ఉంది. ఆయన మర వైపు చూశాడు. చిరిగింది గొంతు కాదు. కొత్త మిషను కడుపులో పెట్టుకునే రకం కాదు. గీత దాటినదాన్ని దాటినట్టే కత్తిరించి పారేసింది. ఆ గీత దాటించింది తనే.

"అక్కా, తప్పు నాది. నేనే ఎక్కువ పెట్టాను."

అక్కయ్య ఆయన వంక జాలిగా చూసింది. "ఒరేయ్, పుట్టి బుద్ధెరిగాక నువ్వు ఒక్క తప్పైనా ఒప్పుకున్నావా? ఇవాళ ఒప్పుకున్నావంటేనే తెలిసిపోయింది, నా పని అయిపోయిందని."

ఇదీ వరస. ముప్పయ్యేళ్ళు మొండికేసినందుకు, నిజం చెప్పిన రోజున నమ్మే దిక్కు లేకపోయింది. పోనీ మళ్ళీ పాడి చూడమందామంటే, ఆవిడ గొంతు పట్టుకుని కూర్చుంది. మేనకోడలు "అమ్మా, నిజంగానే మావయ్యే" అంటే, "నువ్వూ వాడితో కలిశావా" అంది.

మావయ్య గబగబా వంటింట్లోకి వెళ్ళి స్టీలు గ్లాసూ చెంచా తెచ్చాడు. మర కదపకుండా, మైకు ముందు గ్లాసుని ఠంగుమని కొట్టి, హెడ్‌ఫోన్లు బలవంతంగా అక్కయ్య చెవులకి పెట్టాడు. గ్లాసూ పర్రుమంది. అదే చిరుగు.

"దీనిక్కూడా కాయేనా అక్కా? బుధవారం దీన్ని కూడా ఆస్పత్రిలో చేర్పిద్దామా?"

మర బాగా తగ్గించి మళ్ళీ కొట్టాడు. ఈసారి గ్లాసు గంటలా మోగింది. అక్కయ్య గ్లాసు వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఏడ్చింది. "చంపేశావు కదరా వెధవా!" అని వీపు మీద ఒకటి వేసింది.

మర్నాడే మావయ్య పెట్టె చంకన పెట్టుకుని షాపుకి వెళ్ళి, చేతకానివాళ్ళ మిషను తెచ్చుకున్నాడు.

ఆదివారం హాలు నిండింది. రికార్డరుని స్టాండుకి బిగించి, రికార్డవుతోందని చెప్పే ఎర్ర దీపం వెలిగిందో లేదో మూడుసార్లు చూసి, మావయ్య తన మూల కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్ళో ఏమీ లేదు, చెవులకి ఏమీ లేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు మోకాళ్ళ మీదా, కాసేపు చంకల్లోనూ పెట్టుకున్నాడు. అక్కయ్య పాట అందుకుంది. వయొలిన్ ఆ పాట వెంట నడిచింది. పైకెళ్ళే చోటు వస్తుండగా అక్కయ్య తల తిప్పి సరిగ్గా ఈ మూలకేసి చూసింది. మావయ్య కంగారుపడి మిషను వైపు చూశాడు. దీపం వెలుగుతూనే ఉంది. రెండో పాటలోనూ అంతే. పైకెళ్ళే ముందు అదే చూపు. మూడో పాటలో ఆయన మిషను వైపు చూడలేదు. అక్కయ్య చూసింది, ఆయన చూశాడు. ఎందుకో తలూపాడు. అక్కయ్య పెదవుల మీద నవ్వొకటి మెరిసి, గొంతు పైకి లేచింది. అంత పైకి ఆ గొంతు వెళ్ళడం ఆయన ఎప్పుడూ వినలేదు. ఇన్నాళ్ళూ విన్నాననుకున్నాడు గానీ, ఆయన చూసింది ముల్లుని.

కచేరీ అయ్యాక జనం పలచబడేదాకా ఆగి, వేదిక వెనక గదిలోకి వెళ్ళాడు. అక్కయ్య గోరువెచ్చటి నీళ్ళు తాగుతోంది.

"అక్కా, పైకెళ్ళే ముందు నావైపు చూస్తావేం?"

"ఇవాళ కొత్తగా చూశానా ఏమిటి? ఎప్పుడూ చూస్తాను. నీకేసి చూస్తే ధైర్యంగా ఉంటుంది."

"ముప్పయ్యేళ్ళుగానా?"

"నువ్వు తలెత్తితే కదా! నీ నడినెత్తి చూసుకునే పాడేదాన్ని. అక్కడ జుట్టు ఊడిపోవడం నీకన్నా ముందు నాకే తెలుసు."

మావయ్యకి నవ్వు రాలేదు. కోపం వచ్చింది. దుఃఖం ముంచుకొచ్చింది. "ఒక్కసారైనా చెప్పొచ్చు కదక్కా! చూసేవాణ్ణి కదా!"

"చెబితే తలెత్తేవాడివి" అంది అక్కయ్య, గ్లాసు పక్కన పెడుతూ. "అప్పుడు టేపు పాడయ్యేది. టేపు పాడైతే నువ్వు వారం రోజులు అన్నం తినేవాడివి కాదు. అందుకే చెప్పలేదు."

మావయ్య ఆవిడ పక్కన బల్ల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్కయ్య ఆయన నడినెత్తి మీద చెయ్యి వేసి కూర్చుంది.