వెనక సీటు పాఠం

శిక్షణ మైదానంలో అందరూ అతన్ని ఎనిమిది మాస్టారు అంటారు. మోటారు సైకిలు లైసెన్సు కావాలంటే ప్రభుత్వం పెట్టిన ఈ శిక్షణలో చేరాలి. చివర్లో, సిమెంటు నేల మీద తెల్లరంగుతో గీసిన పెద్ద ఎనిమిది అంకె వెంట, కాలు కింద పెట్టకుండా బండి తిప్పి చూపించాలి. ఆ ఎనిమిది పక్కన నిలబడి "చూపు ముందుకి, కాలు పైకి" అని అరవడం అతని ఉద్యోగం. ఎన్నేళ్ళ నుంచి అరుస్తున్నాడో అతని గొంతు వింటే తెలుస్తుంది. నిద్రలో కూడా అదే అరుస్తున్నాడని భార్య పక్క గదిలోకి మకాం మార్చేసింది.

ఆ రోజు అతనికి పొద్దున్నే ఒంట్లో ఓపిక లేదు. పరీక్షకి వరసలో నిలబడ్డవాళ్ళలో వదిన ఉంది. ఆమె ఒకసారి తప్పింది. ఈసారి కూడా తప్పితే మళ్ళీ మొదటి పాఠం నుంచి రావాలి, అదీ ఎప్పుడో ఖాళీ దొరికినప్పుడు. ఊరంతా నేర్పి వదినకి నేర్పలేకపోయాడంటే నలుగురూ నవ్వుతారని కాదు అతని బాధ. నవ్వితే నవ్వనీ. అన్నయ్య పని ఆగిపోతుందని.

అన్నయ్య తాళాలు బాగుచేస్తాడు. అతని కళ్ళకి నీటికాసులు వచ్చాయి. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కన ఏముందో తెలియదు. లైసెన్సు పొడిగించమని వెళ్తే కంటి పరీక్ష చేసి కాగితం వెనక్కి ఇచ్చేశారు. తాళం పని వేళ్ళ పని, కళ్ళు సగం పోయినా నడుస్తుంది. కానీ తాళం మనిషి దగ్గరికి రాదు కదా, మనిషే తాళం దగ్గరికి పోవాలి. పనిముట్ల పెట్టె మోసుకుంటూ రెండు బస్సులు మారి వెళ్ళేసరికి, ఇంటివాళ్ళు విసిగిపోయి తలుపు పగలగొట్టేస్తున్నారు. అందుకే వదిన కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి, బండి నేర్చుకుంటానంది.

"నేర్చుకో, నాకేం. నేను మాత్రం నీ వెనక కూర్చోను," అన్నాడు అన్నయ్య.

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఆ లెక్కన అన్నయ్య చక్రవర్తి. ఆడమనిషి వెనక కూర్చోవడం నామోషీ అనుకుంటున్నాడని మాస్టారికి ఒళ్ళు మండింది. చిన్నప్పుడు తనకి బండి నేర్పిన మనిషి ఇలా తయారయ్యాడేమిటని బాధ కూడా వేసింది.

ఇక వదిన సంగతి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు మొదటి వారమంతా చీకటి పడేదాకా తిప్పింది. గేర్లు వచ్చాయి, బ్రేకు వచ్చింది, చూపు మాత్రం ముందుకి రాలేదు. మలుపు రాగానే తల పక్కకి తిరిగేది, బండి గీత దాటేది. అరిచీ అరిచీ అలసిపోయి, చివరికి ఒక సాయంత్రం మాస్టారు నేల మీద చతికిలబడి మామూలు గొంతుతో అడిగాడు.

"ఎందుకు వదినా, పక్కకి చూస్తావు?"

ఆమె హెల్మెట్ తీసింది. "మీ అన్నయ్య వెనక ఇరవై ఏళ్ళు కూర్చున్నాను కదరా. ముందు ఎప్పుడూ ఆయన వీపే. నేను చూసిన ఊరంతా పక్కనే ఉంది."

ఆ మాట విన్నాక అతను ఆమె మీద మళ్ళీ అరవలేదు. మలుపు చివర తనే నిలబడి, నన్ను చూస్తూ రా వదినా అనేవాడు. అలా కొంచెం దారికొచ్చింది.

పరీక్ష రోజు ఆ వీలు లేదు. బంధువుల పరీక్షప్పుడు మాస్టారు మైదానంలో ఉండకూడదని నిబంధన. అతను ఆఫీసు గదిలో కూర్చుని కిటికీ ఊచల్లోంచి చూశాడు. ఇన్‌స్పెక్టరు చెయ్యి ఊపాడు. వదిన మొదటి సున్నా తిరిగింది. రెండో మలుపులో తల పక్కకి వాలబోయి ఆగింది, మళ్ళీ నిటారుగా లేచింది. అక్కడ ఎవరూ నిలబడి లేరు. అయినా ఎవరో ఉన్నట్టే అటు చూస్తూ, కాలు దించకుండా తిరిగి వచ్చింది. ఇన్‌స్పెక్టరు లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టాడు. సంతోషపడటానికి కూడా ఓపిక కావాలని మాస్టారికి అప్పుడు తెలిసింది.

మాస్టారు బయటికి వచ్చేసరికి, వదినతో వచ్చిన అన్నయ్య రేకుల నీడలో నిలబడి ఉన్నాడు. అంతలో అతని ఫోను మోగింది. ఎవరో ఇల్లాలు గాలికి తలుపు మూసుకుపోయి బయట ఉండిపోయిందట, లోపల పొయ్యి మీద పాలున్నాయట.

"ఒరేయ్, నువ్వు దింపు," అన్నాడు తమ్ముడితో.

"నాకు బ్యాచ్ ఉంది అన్నయ్యా. బండి ఉంది, లైసెన్సున్న మనిషి ఉంది. ఎక్కు."

అన్నయ్య పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఎక్కాడు. బండి గేటు వైపు తిరగబోయింది. వదిన ఎటు వాలితే అతను దానికి ఎదురు బిగుసుకున్నాడు, ఆమె భుజం పట్టి వెనక్కి లాగాడు. బండి ఊగిపోయింది. వదిన రెండు కాళ్ళూ దించి ఆపింది.

మాస్టారికి ఇన్నాళ్ళ విసుగూ ఒక్కసారి గొంతులోకి వచ్చింది. "అంత నామోషీ అయితే నడిచి పో అన్నయ్యా. ఆవిణ్ణి మాత్రం పడెయ్యకు."

అన్నయ్య దిగాడు. పెట్టె కింద పెట్టాడు.

"నామోషీ ఏంట్రా," అన్నాడు మెల్లగా. "నాకు మిగిలింది ఎదుటి చూపొక్కటే. వెనక కూర్చుంటే అక్కడ దీని తల ఉంటుంది. పక్కన ఎలాగూ ఏమీ లేదు. ఇంక నాకు కనిపించేదేముంది? భయమేస్తోంది."

మైదానంలో తర్వాతి వాళ్ళ బండి ఆగిపోయి, మళ్ళీ స్టార్టయింది. మాస్టారికి సిగ్గేసింది. చూపు గురించి ఇంతమందికి పాఠం చెప్పినవాడు, అన్నయ్యకి ఏం కనిపిస్తుందో ఒక్కసారీ అడగలేదు.

వదిన మాత్రం పెద్దగా ఆశ్చర్యపోలేదు. హెల్మెట్ అద్దం పైకెత్తింది.

"నేను చెబుతూ ఉంటానుగా. ఎక్కండి. కళ్ళు మూసుకున్నా ఫరవాలేదు. పాలు పొంగిపోతాయి."

"ఏం చెబుతావు?"

"కనిపించిందల్లా చెబుతాను. ముందున్నదీ, పక్కన ఉన్నదీ."

అన్నయ్య మళ్ళీ ఎక్కాడు. ఈసారి పెట్టెని ఇద్దరి మధ్యా ఇరికించి, ఆమె నడుం దగ్గర చొక్కా గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఇప్పుడు ఎడమకి తిరుగుతున్నాను," అంది వదిన. అతను ఎడమకి వాలాడు, కొంచెం ఆలస్యంగా. "గేటు దాటాం. మెల్లగా పోతున్నా. ముందు బస్సు ఉంది, ఆగుతున్నా. పక్కన పళ్ళ బండి..."

గోడ అవతల ఆమె గొంతు చాలాసేపు వినిపించింది. ఇవతల కొత్త బ్యాచ్ వాళ్ళు హెల్మెట్లు పట్టుకుని మాస్టారు ఏం చెబుతాడా అని నిలబడ్డారు. అతను నోరు తెరిచాడు గానీ చూపు ముందుకి అని రోజూ చెప్పే మాట బయటికి రాలేదు. మొహం తుడుచుకుని, కాసేపు కూర్చోండి, మంచినీళ్ళు తాగి వస్తానన్నాడు.