గంగాళం, ఉగ్గుగిన్నె

“మింగేయకండి, నమలండి,” అంది భార్య, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

గంగాళం నమిలాడు. నోట్లో ఉన్నది మెత్తగా ఉడికించిన అన్నం, అందులో చిదిపి కలిపిన గుడ్డు. ఇందులో నమలడానికి ఏముందని అతనికి రోజూ అనిపిస్తుంది, అయినా రోజూ నములుతాడు. చేతిలో స్టీలు ఉగ్గుగిన్నె. ఒకప్పుడు కూతురికి పాలు పట్టిన గిన్నె అది. అంచున ఉన్న సొట్ట ఆ పిల్ల పంతం పట్టి నేలకేసి కొట్టినప్పటిది. పిల్ల పెళ్ళి చేసుకుని వేరే ఊళ్ళో కాపురం పెట్టింది. గిన్నె అటక దిగి తండ్రి చేతికి వచ్చింది. ఆజానుబాహుడు అంత గిన్నెను రెండు వేళ్ళతో పట్టుకుని పాలచెంచాతో తింటుంటే చూసేవాళ్ళకి నవ్వొస్తుందని, తినేటప్పుడు వీధివైపు కిటికీ మూయించుకుంటాడు.

ఆస్పత్రిలో అతని పొట్ట చాలామటుకు తీసేశారు. మిగిలింది పిడికెడు. ఇక జన్మంతా కొంచెం కొంచెంగా, రోజు పొడుగునా తింటూ ఉండాలన్నారు. నీళ్ళు తిండితో కలిపి తాగకూడదు, మధ్యమధ్య గుక్కెడు చొప్పున తాగాలి. ఎంత తిన్నదీ ఎంత తాగిందీ లెక్క ఉండాలని నర్సు గళ్ళు గీసిన కాగితం కూడా ఇచ్చింది. గంగాళానికి చదువు అంతంతమాత్రం. భార్య ఆ కాగితాన్ని మడిచి, ఊగుతున్న కుట్టుమిషను కాలికింద ఎత్తు పెట్టింది. ఆ తర్వాత తనకు తెలిసిన పద్ధతి ఒకటి కనిపెట్టింది.

ఆమె పిల్లల చొక్కాలకు గుండీలు కుట్టి దుకాణానికి ఇస్తుంటుంది. ఇంట్లో దేనికి కరువున్నా గుండీలకు లేదు. తెల్ల గుండీ తిండికి, నీలం గుండీ నీళ్ళకి. పొద్దున్నే గుప్పెడు గుండీలు అతని చొక్కా కుడిజేబులో పోస్తుంది. ఒక వాటా తినగానే ఒక తెల్లది, గుక్కెడు నీళ్ళు తాగగానే ఒక నీలంది ఎడమజేబులోకి మారాలి. సాయంత్రం వచ్చాక ఎడమజేబును ఆమె అరచేతిలో ఖాళీ చేయాలి. పనిలో తినాల్సినవి ఉగ్గుగిన్నెతో కొలిచి చిట్టి డబ్బాల్లో సర్దుతుంది. ఇంట్లో తినాల్సిన వాటాకైతే గిన్నె మూతమీదే ఒక గుండీ పెట్టి ఉంచుతుంది.

ఇంత చేసినా అతను చిక్కిపోతూనే ఉన్నాడు. ఇంకా తగ్గితే ముక్కులోంచి గొట్టం వేయక తప్పదని డాక్టరు చెప్పాడు. జేబులో గుండీలు సరిపోతున్నాయి, ఒంట్లో కండ సరిపోవడం లేదు. లోపం తన వంటలోనే ఉందనుకుని ఆమె గుడ్డు కలపడం మొదలుపెట్టింది. లోపం ఎక్కడుందో గంగాళానికి తెలుసు. ఆమె గుడ్డు చిదుపుతున్నప్పుడల్లా తల వంచుకుంటాడు.

ఆ పొద్దున అతను ఇంకా నములుతూండగానే ఆమె తపేలా ఒళ్ళో పెట్టుకుని గరిటెతో అడుగు గీకింది. గరగరమని చప్పుడు. ఆ చప్పుడు అతనికి కొత్తది కాదు. పెళ్ళైనప్పటినుంచీ భోంచేసి మంచమెక్కగానే వింటున్నదే. గిన్నెలు తోముతోందనుకునేవాడు. తను గబగబా తిని లేచిపోయే మనిషి, ఆమె పళ్ళెం ఏనాడూ చూసి ఎరగడు. ఇప్పుడు నమిలి నమిలి తినాల్సి రావడంతో ఎదురుగా కూర్చునే ఉన్నాడు. గీకగా వచ్చిన మాడుచెక్క, దాని మీద నాలుగు మెతుకులు ఆమె పళ్ళెంలో పడ్డాయి. తన ఉగ్గుగిన్నెలో పోస్తే అదీ నిండదు.

“అంతేనా నీకు?” అన్నాడు.

“నాకు అలవాటే లెండి. మీరు నమలండి.”

ఆమె లేచి, తలుపు చెక్క పట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఏమైందని అడిగితే, సూదిలోకి చూసి చూసి కళ్ళు లాగుతున్నాయంది. తర్వాత డబ్బాలు సంచిలో సర్ది, గుండీలు జేబులో పోసి, పైన చేత్తో ఒక్కసారి తట్టింది.

గంగాళం పని సీసాల ఫ్యాక్టరీ క్యాంటీనులో వడ్డన. వంట వేరేవాళ్ళది. అన్నం గుండిగ వెనక గరిటె పట్టుకుని నిలబడడం అతని వంతు. చెయ్యి పెద్దది. గరిటె నింపి, పైన ఇంకో కొసరు వేసి పళ్ళెంలో బోర్లిస్తాడు. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళు అతని వరసలోనే నిలబడతారు. ఇన్నేళ్ళలో అతను ప్రమోషను ఎరగడు, ఒక్క మెప్పు మాట ఎరగడు. చిన్నప్పుడు బడిలో వెనకబడ్డాడు, ఆటలో వెనకబడ్డాడు, పెళ్ళిచూపుల్లో మాట పెగల్లేదు. ఒక్క తిండి దగ్గరే నలుగురూ అతనివైపు తిరిగి చూశారు. గంగాళం అన్న పేరూ అలా వచ్చిందే.

అందరి భోజనాలూ అయ్యాక గంగాళం కూర్చునేవాడు. అదొక వేడుక. జనం చేతులు కడుక్కోవడం కూడా మానేసి చుట్టూ మూగేవాళ్ళు. “ఇంకో గుండిగ దించండ్రా” అని ఒకడంటే, “గుండిగ కూడా తినేస్తాడేమో, జాగ్రత్త” అని ఇంకొకడు. మేనేజరు ఎవరైనా చుట్టాలొస్తే వాళ్ళను తీసుకొచ్చి మరీ చూపించేవాడు. గంగాళం తిని, త్రేన్చి, కొంచెం సిగ్గుపడుతూ నవ్వేవాడు. ఆ నవ్వులో ఉన్నది గర్వమే. అక్కడ కడుపునిండా తిని ఇంటికెళ్ళి, భార్య బాధపడుతుందేమోనని అక్కడా మళ్ళీ తినేవాడు. ఎంత గొప్ప మనసో చూశారా.

ఆపరేషను మాట క్యాంటీనులో అందరికీ తెలుసు. కానీ పేగులో ఏదో పుండు కోశారని మాత్రమే చెప్పాడు. పొట్టే లేదని చెప్పలేదు. గంగాళానికి పొట్ట లేదంటే ఇక గంగాళం అని ఎందుకంటారు? అందుకని ఇక్కడ ఇంట్లో తినొచ్చానంటాడు, ఇంటికెళ్ళి ఇక్కడ తిన్నానంటాడు. డబ్బాల్లోది వెనక గదిలో ఉన్న కుడితి డ్రమ్ములో పడుతుంది. డబ్బాలు శుభ్రంగా కడుక్కుంటాడు. గుండీలు మాత్రం తప్పకుండా కుడిజేబులోంచి ఎడమజేబులోకి మారుతుంటాయి. ఏదో ఒక మూల దొంగచాటుగా రెండు చెంచాలు మింగిన రోజు లేకపోలేదు. ఎవరో వస్తున్న అడుగుల చప్పుడు వినగానే మూత పెట్టేసేవాడు.

ఆ రోజూ అంతే. మొదటి షిఫ్టు వడ్డన ఊపిరి తిప్పుకోనివ్వలేదు. గుండిగ ఆవిరికి ముఖం చెమటలు పట్టింది, నాలుక పిడచకట్టింది. పక్కనే ఉన్న నీళ్ళ సీసా ఎత్తితే గుక్కెడుతో ఆపాలి. ఒకప్పుడు చెంబెడు గటగటా ఎత్తి తాగినవాడు పిల్లిలా చప్పరిస్తే ఏం బాగుంటుందని ఎత్తలేదు. ఎత్తకుండానే ఒక నీలం గుండీ జేబు మారింది.

“ఏంటి గంగాళం, ఈమధ్య మరీ చెంబైపోతున్నావ్?” అన్నాడు కొలిమి మేస్త్రి, పళ్ళెం చాపి.

“చెంబైనా నీకు కొసరు తగ్గించలేదుగా,” అన్నాడు గంగాళం. వరసంతా నవ్వింది. అతనూ నవ్వాడు. కొసరు వేశాడు.

వడ్డన అయ్యాక వెనక గదిలోకి వెళ్ళి డబ్బా మూత తీశాడు. పచ్చసొన కలిసి అన్నం లేతపసుపుగా ఉంది. ఆమె చిదిపిన గుడ్డు. డ్రమ్ము మీద వంచబోతూ ఆగాడు. పొద్దుటి గరగర చెవుల్లో మెదిలింది. ఆగి కూడా వంచేశాడు. వెంటనే నేల పక్కకు ఒరిగినట్టైంది. డ్రమ్ము అంచు పట్టుకుని అలాగే కింద కూలబడ్డాడు.

“రోజూ చూస్తూనే ఉన్నానయ్యా,” అంది ఎవరో.

పళ్ళాలు కడిగే పిన్ని. క్యాంటీనులో అందరికన్నా పెద్దది, అందరికీ పిన్నే. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంది. గంగాళం డబ్బా వెనక్కి దాచబోయాడు. అంత మనిషి అంత డబ్బాను దాచబోవడం తనకే అసహ్యంగా తోచింది.

“మా ఆవిడకి చెప్పకు పిన్నీ.”

“చెప్పను. చెప్తే ఆవిడ తట్టుకోదు.” పిన్ని అతనికి గ్లాసులో కొంచెం నీళ్ళు పోసి ఇచ్చింది. “మొన్న మన ఏప్రాన్లు కుట్టి తెచ్చిందిగా. నీ పొట్ట తీసేసిన సంగతీ, ఉగ్గుగిన్నె సంగతీ అప్పుడే చెప్పింది. అలిసిపోయి ఉంటే కూచోబెట్టి పళ్ళెం పెట్టాను. నాలుగు ముద్దలు తిని ఇక పట్టదంది. వదిలేసినందుకు నా దగ్గర సిగ్గుపడింది కూడానూ. నీ పొట్ట అంటే డాక్టరు కోశాడు. ఆవిడ పొట్ట ఎవరు కోశారయ్యా?”

గంగాళం గ్లాసు కింద పెట్టాడు. అతనికి జవాబు తెలుసు. పెళ్ళైన కొత్తలో అమ్మ కోడలితో అన్న మాట కూడా గుర్తుంది. వాడు తిని లేచాకే తపేలా చూసుకో అంది. అమ్మ పోయి ఎన్నో ఏళ్ళైంది, ఆ మాట మాత్రం ఇంట్లో ఉండిపోయింది. తను రోజుకి రెండు చోట్ల తిన్న కాలమంతా ఆమె అడుగు గీకి తిన్నది. మంచం మీద పడుకుని తను విన్న చప్పుడు తోమడం కాదు, అదే ఆమె భోజనం. అతనికి చెవుల దాకా వేడెక్కింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ పిన్ని ముందు ఏడవడానికి సిగ్గేసింది.

జేబులో చెయ్యి పెట్టి ఎడమవైపు గుండీలన్నీ తీసి కుడిజేబులో పోశాడు. సంచిలో ఇంకో డబ్బా మిగిలింది. దాన్ని పట్టుకుని బయటికొచ్చి, నడిమధ్య బల్ల దగ్గర కూర్చుని మూత తీశాడు.

“ఇదేంటి, పిచ్చుకలకా?” అన్నాడు మేస్త్రి.

“నాకే. నా పొట్ట తీసేశారు. ఇంతే పడుతుంది.”

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది గంగాళానికి. అందరూ గోడలకేసి, పళ్ళాలకేసి చూస్తుంటే, తలెత్తకుండా నమిలి నమిలి డబ్బా ఖాళీ చేశాడు. ఒక తెల్ల గుండీ ఎడమజేబులో వేసుకున్నాడు. నిజంగా తిని వేసుకున్నది.

వెళ్ళేటప్పుడు పిన్నిని అడిగాడు. “పెరుగు పోసే చిన్న గిన్నె ఒకటి ఇస్తావా?”

“నీకో గిన్నె ఉందిగా?”

“ఇంట్లో ఇద్దరం ఉన్నాం.”

తిన్నగా ఇంటికి వెళ్ళి ఉండాల్సింది. వీధి మలుపులో, మూసి ఉన్న పాలబూత్ ముందు సిమెంటు బల్ల కనిపిస్తే కూర్చున్నాడు. మొదటి మాట ఏం చెప్పాలి? రోజూ పారబోశానని చెప్పాలా, నీ పళ్ళెం ఏనాడూ చూడలేదని చెప్పాలా? ఏది ముందు చెప్పినా రెండోది ఇంకా పెద్దదిగా కనిపిస్తోంది. చొక్కా గుండీ విప్పి పెట్టుకుంటూ, పెట్టుకుని విప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. ఎదురింటి నీడ వచ్చి అతని కాళ్ళమీద పడింది. ఇక ఉండబట్టలేక లేచాడు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. భార్య మిషను ముందు కుర్చీలో కూర్చుని, కుడుతున్న చొక్కామీద చెంప ఆనించి ఉంది. అవతలి వైపుకి తిరిగి ఉండడంతో ముఖం కనిపించలేదు. కునుకు తీస్తోందనుకున్నాడు. ఒక విధంగా మంచిదే, ముఖంలోకి చూస్తూ చెప్పలేడు. చెప్పులు విడిచి, ఆమె వెనక పీట వాల్చుకుని, నేలకేసి చూస్తూ మొదలుపెట్టాడు.

“ఇదిగో, లేచావా? లేవకపోయినా పర్లేదు, విను. ఇవాళ ఎడమజేబులో ఒకటే గుండీ ఉంది. రోజూ నీకు చూపించినవన్నీ అబద్ధం. నువ్వు కలిపిన గుడ్డు కూడా పారబోశాను. నలుగురిలో తినడానికి సిగ్గేసింది. అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంట్లో ఉందని తెలీలేదు నాకు.” ఆగాడు. ఆమె ఏమీ అనలేదు. కోపం వచ్చిందనుకున్నాడు, రావాల్సిందే. “రేపట్నించి ఈ గుండీలు సగం నీ దగ్గర పెట్టుకో. నేను ఒకటి మారిస్తే నువ్వూ ఒకటి మార్చాలి. గిన్నె తెచ్చాను నీకు. నా ముందే తినాలి. నేను చూస్తూ కూర్చుంటాను.”

గిన్నె ఆమెకు అందేలా మిషను బల్లమీద పెట్టబోయాడు. అప్పుడు చూశాడు ఆమె చెయ్యిని. సూది ఇంకా వేళ్ళమధ్యే ఉంది. దారం కిందకు జారి నేలమీద చుట్టలు పడి ఉంది. ఆ చుట్టలు కదలడం లేదు. చొక్కాకి సగం గుండీలు పడ్డాయి. ఆమె భుజంమీద చెయ్యి వేశాడు. చీరకింద ఎముకే తగిలింది.

పక్కింటి కండక్టరూ అతని భార్యా వచ్చారు. డాక్టరును పిలిచారు. గుండె ఆగిపోయిందని, చాలాకాలంగా ఒంట్లో సత్తువ లేదని ఆయన చెప్పాడు. ఏమైనా జబ్బుండేదా అని అడిగాడు. లేదన్నాడు గంగాళం. మరి సరిగ్గా తినేదా అని అడిగాడు. గంగాళానికి ఇవాళ పొద్దుటిదాకా ఆ సంగతే తెలియదు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేక గోడవైపు తిరిగాడు. గంగాళం కూతురికి ఫోను చేయడానికి కండక్టరు బయటికెళ్ళాడు. అతని భార్య ముక్కు తుడుచుకుంటూ, “అన్నయ్యా, కాసిని నీళ్ళైనా తాగండి,” అంది.

నీళ్ళ కోసమే అన్నట్టు అతను వంటగదిలోకి వెళ్ళాడు. పొద్దుటి తపేలా కడిగి బోర్లించి ఉంది. ఆమె పళ్ళెం పొడిగా ఉంది. పొయ్యి గట్టుమీద వేడినీళ్ళు పోసిన గిన్నె, ఆ నీళ్ళలో నిలబెట్టిన ఉగ్గుగిన్నె. గంగాళం నీళ్ళలో వేలు ముంచాడు. ఇంకా వెచ్చగా ఉన్నాయి.

ఉగ్గుగిన్నె మూతమీద, అతని సాయంకాలపు వాటాకి పెట్టిన తెల్ల గుండీ ఉంది.